బండి సందేహాలు: చలికాలం ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: పొద్దున్నే బండి స్టార్ట్ కావడం లేదు. నిజానికి మన దగ్గర పడే చలికి మంచి బండి మొరాయించకూడదు. మొరాయించిందంటే ప్లగ్గో, జెట్టో, బ్యాటరీయో ముందే దెబ్బతిని ఉంది. ఎండల్లో ఎలాగోలా నెట్టుకొచ్చింది, అంతే. ఇంట్లో చేసుకోగలిగిన పనులకే జవాబులిస్తున్నాం.

ప్ర: నాది 2012 స్ప్లెండర్, కార్బొరేటర్ బండి. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున ఆరింటికి ఇరవై కిక్కులు కొట్టాలి. ఎండెక్కాక ఒక్క కిక్కు చాలు. మెకానిక్ కార్బొరేటర్ మార్చమంటున్నాడు. మార్చాలా? (ఉట్నూరు)

జ: ఇప్పుడే మార్చకండి. ఎండెక్కాక ఒక్క కిక్కుకు పలికే బండికి కార్బొరేటర్ పూర్తిగా పోయి ఉండదు. ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ రండి.

ముందు కిక్కు కొట్టే పద్ధతి. తాళం ఆఫ్‌లోనే ఉంచి, చోక్ పూర్తిగా వేసి, మెల్లగా మూడు కిక్కులు కొట్టండి. ఇంజన్‌లోకి పెట్రోల్ చేరుతుంది. తర్వాత తాళం తిప్పి గట్టిగా ఒక్కటి. ఎక్సలేటర్ మాత్రం ముట్టుకోవద్దు. చాలామంది కిక్కుతోపాటే రేజ్ చేస్తారు. దాంతో గాలి ఎక్కువై చోక్ వేసిన ఫలితం పోతుంది. స్టార్టయ్యాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ తీసేయండి. మరిచిపోయి అలాగే తిరిగితే ప్లగ్గు నల్లబడి, మర్నాడు మళ్లీ ఇదే కథ. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఇంజన్ తడిసిపోయినట్టు. అప్పుడు చోక్ తీసి, తాళం ఆపి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని అయిదారు కిక్కులు కొట్టండి, ఆరుతుంది.

తర్వాత ప్లగ్గు. 16 మి.మీ. ప్లగ్గు పానతో విప్పండి. విప్పేముందు చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి, లేకపోతే అది నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ప్లగ్గు కొస కాఫీపొడి రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడిపొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, అది పిస్టన్ రింగుల సంగతి. ప్లగ్గు కొసన స్పార్క్ దూకే సందును, అంటే గ్యాప్‌ను, ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉన్న పలుచటి రేకులు) చూడండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు పేరు చివర 9 అంకె ఉంటే అది 0.9 మి.మీ. గ్యాప్‌తో వచ్చిన ప్లగ్గు. వాడుతున్నకొద్దీ గ్యాప్ పెరుగుతుంది. చలిలో అంత దూరం దూకే శక్తి స్పార్క్‌కు చాలదు. ప్లగ్గు వెల తక్కువే కాబట్టి అనుమానముంటే కొత్తది వేయండి. బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే చివరిదాకా తిప్పాలి. ఆ తర్వాత పానతో కొత్తదైతే అర చుట్టు, పాతదైతే చుట్టులో ఎనిమిదో వంతు. అది 10 మి.మీ. మర, పైగా అల్యూమినియం హెడ్. వంకరగా ఎక్కించి బలం చూపిస్తే పోయేది ప్లగ్గు కాదు, హెడ్డు.

ప్లగ్గు బాగుంటే అనుమానం కార్బొరేటర్‌లోని స్లో జెట్ మీదికి వెళ్లాలి. స్టార్టింగ్‌లోనూ, స్లోలోనూ పెట్రోల్ వచ్చేది దాని నుంచే. దాని రంధ్రం గుండుసూది మొన కూడా దూరనంత సన్నం. పెట్రోల్ ఆరిపోయి మిగిలిన జిగురు దాన్ని సగం మూసినా వేడి ఇంజన్ నడుస్తుంది, చల్లటి ఇంజన్ నడవదు. మీ బండి లక్షణం సరిగ్గా ఇదే. పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి, గిన్నెలోది గాజు గ్లాసులో పట్టండి. అడుగున నీటి బొట్టో, తుప్పు రంగు మడ్డో కనిపిస్తే కారణం దొరికినట్టే. గిన్నె విప్పి, జెట్‌కు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తీసి, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. ఇనుప తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే మైలేజీ జన్మలో తిరిగి రాదు. తప్పదనుకుంటే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. గాలి మోతాదు సర్దే ఎయిర్ స్క్రూ విప్పేముందు లోపలికి మెల్లగా ఆనేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. తిరిగి బిగించాక అన్నే చుట్లు బయటికి తిప్పండి.

ఇవన్నీ అయ్యాకా కిక్కు రాడ్డు చేతికి ఖాళీగా తగులుతుంటే ట్యాపెట్లు (వాల్వులను నెట్టే చోట ఉండే సందు) చూపించండి. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ పోతుంది. ట్యాపెట్ సర్దడం రాత్రంతా చల్లబడిన ఇంజన్ మీదే చేయాలి. సాయంత్రం షెడ్డుకు నడుపుకెళ్లి వేడి మీదే చేయించుకునే అలవాటు చాలామందికుంది, అది దండగ. ఇంకో మాట: కాస్త టకటకలాడే ట్యాపెట్‌తో పెద్ద నష్టం లేదు, అసలు చప్పుడే లేని ట్యాపెట్‌తోనే వాల్వు కాలిపోతుంది.

ప్ర: మాది బీఎస్6 బండి, కిక్కు లేదు. వారం ఆపితే సెల్ఫ్ నొక్కినప్పుడు టకటకమంటుందే తప్ప తిరగదు. తోసినా స్టార్ట్ కాలేదు. (మియాపూర్, హైదరాబాద్)

జ: తోస్తే ఎందుకు కాలేదో ముందు చెబుతాం. బీఎస్6 అంటే 2020 ఏప్రిల్ నుంచి అమలైన కాలుష్య నిబంధన. అప్పటినుంచి వచ్చిన చాలా బళ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, కార్బొరేటర్ బదులు ఇంజెక్టరు పెట్రోల్ చిమ్ముతుంది. పెట్రోల్ పంపు, ఇంజెక్టరు, కంప్యూటరు అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. బ్యాటరీ బాగా పడిపోతే ఎంత తోసినా చెమటే మిగులుతుంది.

ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి. రాత్రి బండి ఆపి, పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ కొలవండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ నొక్కుతూ చూసినప్పుడు 9.5 కిందికి జారితే, ముందు నిండా చార్జ్ చేసి మళ్లీ కొలవండి. అప్పుడూ అంతే అయితే బ్యాటరీ అయిపోయినట్టు. బండి స్టార్టయ్యాక కాస్త రేజ్ చేసి కొలిస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటకపోతే చార్జింగ్ అందడం లేదు, కొత్త బ్యాటరీ వేసినా నెలలో ఇదే గతి. 15 దాటితే చార్జింగ్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెడుతోంది.

టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆరాక బిగించి పైన వాజలీన్ రాయండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. వరస తప్పి పాన ఛాసిస్‌కు తగిలిందంటే నిప్పురవ్వలే. చార్జ్ చేసేటప్పుడు బ్యాటరీ మీద రాసిన ఆంపియర్-అవర్లలో (ఏహెచ్) పదో వంతు కరెంటు చాలు: 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్. ఆ లెక్కన పూర్తిగా నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. కారు బ్యాటరీల షాపులో ఇచ్చి "గంటలో ఎక్కించండి" అంటే ఎక్కిస్తారు, లోపలి ప్లేట్లు వంగిపోతాయి.

ప్ర: పొద్దున సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, నీటి బొట్లు. ఇంజన్ పోయిందా? (రాజమహేంద్రవరం)

జ: లేదు. ఒక లీటరు పెట్రోల్ కాలితే దగ్గరదగ్గర లీటరు నీరు తయారవుతుంది. వేసవిలో అది కనిపించకుండా ఆవిరై పోతుంది, చలిలో చల్లటి సైలెన్సర్‌కు తగిలి బొట్లవుతుంది. అయిదారు కిలోమీటర్లు నడిచాక పొగ ఆగిపోతే నిశ్చింతగా ఉండండి. బండి వేడెక్కాకా ఆగకుండా నీలిరంగు పొగ వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు, అప్పుడు చూపించండి. అయితే మీరు రోజూ రెండు కిలోమీటర్లే తిరుగుతుంటే ఆ నీరు ఇంజన్ ఆయిల్‌లోనూ చేరుతుంది. ఆయిల్ మూత విప్పితే అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. వారానికోసారి అరగంట ఆపకుండా నడపండి.

ప్ర: చలికి ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ మంచిదని 20డబ్ల్యూ50 పోశారు. అప్పటినుంచి కిక్కు బరువెక్కింది. కారుకు పోయగా మిగిలిన ఆయిల్ పోయవచ్చా? (చింతపల్లి)

జ: రెండూ తప్పే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అది తగ్గేకొద్దీ పొద్దున పైదాకా త్వరగా అందుతుంది. కంపెనీ 10డబ్ల్యూ30 చెప్పిన బండికి అదే పోయండి. బుల్లెట్ 350 లాంటి వాటికి 15డబ్ల్యూ50 అని కంపెనీయే చెప్పింది, అది వేరు. ఇక కారు ఆయిల్: కారు క్లచ్ ఆయిల్‌లో మునగదు, బైకు క్లచ్ మునుగుతుంది. కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపే మందులు క్లచ్ ప్లేట్లను జారుస్తాయి. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. డబ్బా మీద బైకు ఆయిళ్ల జపాన్ ప్రమాణం "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" ఉండాలి. "ఎంబీ" స్కూటర్లది.

హీరో బళ్లలో ఆయిల్ మట్టం చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి.

ప్ర: మూడు నెలలు దుబాయ్ వెళ్తున్నాను. పాత కార్బొరేటర్ బుల్లెట్ ఇంట్లో ఉంటుంది. తమ్ముడిని వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేయమన్నాను. చాలా? (హనుమకొండ)

జ: ఆ అయిదు నిమిషాలే వద్దు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, నీరు సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది, సెల్ఫ్ వాడిన చార్జ్ తిరిగి నిండదు. నడిపితే ఇరవై కిలోమీటర్లు నడపమనండి, లేకపోతే ముట్టుకోవద్దనండి.

వెళ్లేముందు పాత ఆయిల్ మార్చేయండి, వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తింటాయి. ట్యాంకు నిండా పెట్రోల్ పోయించండి. ఖాళీ జాగా ఉంటే రాత్రి చలికి లోపలి గోడలకు చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది. ఇప్పటి పెట్రోల్‌లో కలుస్తున్న ఇథనాల్ ఆ చెమ్మను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది. పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ గిన్నె మాత్రం పూర్తిగా ఖాళీ చేయండి. ప్లగ్గు విప్పి ఒక టీ చెంచా ఇంజన్ ఆయిల్ లోపల పోసి, తాళం ఆపి మెల్లగా నాలుగు కిక్కులు కొట్టి ప్లగ్గు బిగించేయండి. తిరిగొచ్చాక మొదటి కొద్ది నిమిషాలు నీలి పొగ వస్తుంది, కంగారు పడకండి. బ్యాటరీ విప్పి లోపల పెట్టి, నెలకోసారి చార్జ్ చేయించండి. సైలెన్సర్ మూతిలో గుడ్డ కుక్కి, దానికి ఎర్ర రిబ్బన్ కట్టి హ్యాండిల్ దాకా లాగండి, వచ్చాక మరిచిపోకుండా. ఎలుకలకు ఎయిర్ ఫిల్టర్ పెట్టె అంటే ప్రాణం, దాని ముక్కుకు జాలీ కట్టండి. పైన కప్పేది ప్లాస్టిక్ పట్టా కాకుండా పాత నూలు దుప్పటి అయితే చెమ్మ నిలవదు.

ప్ర: చైన్‌కు గ్రీజు దట్టంగా పూసినా కరకరలాడుతోంది. (నిజామాబాద్)

జ: గ్రీజు పైనే ఉండిపోతుంది, చలికి ఇంకా గట్టిపడుతుంది. చైన్ అరిగేది లోపల, పిన్నుకూ బుష్‌కూ మధ్య. పైన పూసిన గ్రీజు అక్కడికి చేరదు సరికదా, దుమ్మును పట్టి ఉంచి గరుకు కాగితంలా రుద్దుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో చేత్తో చక్రం తిప్పుతూ బ్రష్‌తో కడగండి. ఇంజన్ నడుస్తుండగా గుడ్డ పెడితే వేళ్లు పోతాయి. కిరోసిన్ దొరకడం గగనమైంది, డీజిల్ చాలు. పెట్రోల్ మాత్రం వద్దు, ఓ-రింగ్ (రబ్బరు రింగులున్న) చైన్లకు అది విషం. తుడిచి ఆరనిచ్చి, 90 నంబరు గియర్ ఆయిల్‌ను కింది వరస లోపలివైపు రోలర్ల మీద చుక్కచుక్కగా వేయండి. రాత్రంతా వదిలేసి పొద్దున మిగులు తుడవండి.

చైన్ లూజు (మధ్యలో పైకీ కిందికీ ఆడే దూరం) సాధారణంగా 20 నుంచి 30 మి.మీ., మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట కొలవాలి. వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ను వెనక్కి లాగితే పన్ను సగం బయటపడుతోందా? అయితే ఎంత సర్దినా లాభం లేదు, చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చండి. చైన్ సర్దితే చక్రానికి రెండువైపులా ఒకే గీత దగ్గర ఉంచండి. తర్వాత వెనక బ్రేకు ఆట (పెడల్ వదులు) తప్పకుండా చూసుకోండి, చక్రం జరిగితే బ్రేకూ మారుతుంది.

ప్ర: మేం మిచిగన్‌లో ఉంటాం. నవంబర్ నుంచి మార్చి దాకా బైకు గరాజ్‌లోనే. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (పాఠకుడు, అమెరికా)

జ: హనుమకొండ జవాబులో ఆయిల్, ట్యాంకు సంగతి మీకూ వర్తిస్తుంది. మీది ఇంజెక్షన్ బండి అయితే పెట్రోల్‌లో స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా ఉంచే మందు) కలిపి పది నిమిషాలు నడపండి, ఇంజెక్టర్ దాకా చేరాలి. రోడ్ల మీద చల్లిన ఉప్పు అంటి ఉంటే కడిగి ఆరబెట్టాకే కప్పండి. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మీ చలికి గడ్డకట్టదు, ఖాళీది సున్నాకు కొద్ది డిగ్రీలు కిందే గడ్డకట్టి పగులుతుంది. కూలెంట్ సగం, నీళ్లు సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా కాపాడుతుంది. మన అలవాటు కొద్దీ ఉత్త నీళ్లు టాపప్ చేసి ఉంటే ఇప్పుడే మార్చండి. మూసిన గరాజ్‌లో ఇంజన్ ఒక్క నిమిషం కూడా నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ప్ర: విశాఖ నుంచి లంబసింగి వెళ్తున్నాం. టైర్లలో గాలి తగ్గించాలా? (గాజువాక)

జ: తగ్గించొద్దు, అదే తగ్గుతుంది. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడితే గాలి ఒత్తిడిలో దాదాపు ఒక పీఎస్ఐ పోతుంది. విశాఖలో 28 డిగ్రీల్లో నింపి, అక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల్లో చూస్తే నాలుగు తగ్గాలి. ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజి మీద కొంత తిరిగొస్తుంది, అయినా రెండు మూడు తక్కువే. వెళ్లేరోజు పొద్దున చల్లటి టైరులో సరిగ్గా నింపండి. మంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, లో బీమ్‌లోనే నడపండి.

ప్ర: పొద్దున మొదటి గేరు వేయగానే బండి ముందుకు ఎగిరి ఆగిపోతోంది. క్లచ్ పట్టుకునే ఉంటాను. (మదనపల్లె)

జ: రాత్రి చల్లబడిన ఆయిల్ వల్ల క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. తాళం ఆపి, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకుని కిక్కు కొట్టి చూడండి: కొన్ని బళ్లలో క్లచ్ పట్టుకుంటే కిక్కు ఇంజన్‌ను తిప్పదు, అలాంటివైతే నాలుగు కిక్కులు కొడితే ప్లేట్లు విడిపోతాయి. కిక్కు లేని బండైతే రెండో గేరులో, క్లచ్ పట్టుకుని, ముందుకూ వెనక్కూ నాలుగడుగులు తోయండి. లివర్ కొస దగ్గర ఆట 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉందేమో కూడా కొలవండి. అంతకంటే ఎక్కువుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, కేబుల్ సర్దాలి.