డిఫరెన్షియల్ మార్చినంత మాత్రాన ట్రక్కు వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మేము టెక్సాస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన ఉంటున్నాము. 2022లో కొత్తగా కొన్న పికప్ ట్రక్కుకు ట్రెయిలరు తగిలించి, వారాంతాల్లో మా చిన్న పొలానికి ట్రాక్టరు తీసుకెళ్తుంటాను. వాన పడితే వెనక చక్రం ఒకటి బురదలో ఊరికే తిరుగుతూ ఉండేది. కంపెనీ అమర్చిన క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను (వెనక చక్రాలు రెంటికీ శక్తిని పంచుతూ, ఒకటే ఊరికే తిరగకుండా చూసే గేర్ల అమరికను) ఒక ప్రైవేటు షాపులో తీయించి, హెలికల్ గేర్ల రకం వేయించాను. నాలుగు నెలలు గడిచేసరికి వెనక ఆక్సిల్ నుంచి సన్నని రొద మొదలైంది. గేర్లు మారేటప్పుడు ట్రాన్స్‌మిషన్ కుదుపు కూడా ఇస్తోంది. డీలరు చూసి, డిఫరెన్షియల్ మార్చారు కాబట్టి పవర్‌ట్రెయిన్ (ఇంజను, ట్రాన్స్‌మిషన్, ఆక్సిల్ వంటి భాగాల) వారంటీ మొత్తం రద్దయిందన్నాడు. షాపువాళ్లేమో తమ పనికి 90 రోజులే గ్యారంటీ అంటున్నారు. ట్రక్కు 48 వేల మైళ్లు తిరిగింది. వారంటీ 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్లు. నాకేమైనా దారి ఉందా? అసలు నేను చేసిన మార్పు చట్టవిరుద్ధమా?

జవాబు: డీలరు చెప్పిన "మొత్తం రద్దు" అనే మాటకు అమెరికా ఫెడరల్ చట్టంలో ఆధారం లేదు. అలాగని మీరు వేయించిన కొత్త డిఫరెన్షియల్‌కు ట్రక్కు కంపెనీ బాధ్యత వహించాలని కూడా చట్టం చెప్పదు. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి: ట్రాన్స్‌మిషన్ కుదుపు విషయంలో మీరు అడగవలసింది ట్రక్కు కంపెనీని, ఆక్సిల్ రొద విషయంలో అడగవలసింది షాపును. ఈ రెంటినీ ఒకే ఫిర్యాదులో కలిపేస్తే ఇద్దరూ తప్పును ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు, మధ్యలో మీరు నష్టపోతారు.

మొదట కంపెనీ సంగతి చూద్దాం. 1975లో వచ్చిన మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలని, ఫలానా చోటే పని చేయించాలని, లేకపోతే వారంటీ చెల్లదని తయారీదారు షరతు పెట్టకూడదు. ఆ భాగాన్నో సేవనో ఉచితంగా ఇస్తున్నప్పుడు, లేదా వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా అనుమతించినప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు ఉంటుంది. ఈ చట్టాన్ని వివరిస్తూ కమిషన్ చేసిన నియమాల్లో మీకు అక్కరకు వచ్చే అంశం ఒకటి ఉంది. బయటి భాగం వల్లనో బయటి పని వల్లనో లోపం వచ్చిందని తయారీదారు నిరూపించగలిగితే, ఆ లోపం వరకు బాధ్యత నిరాకరించవచ్చు. నిరూపించవలసిన భారం తయారీదారుదే, మీది కాదు. 2022లో హార్లీ డేవిడ్‌సన్ సంస్థ తన వారంటీలో ఇలాంటి షరతు పెట్టినందుకు కమిషన్ చర్య తీసుకుని, దాన్ని తొలగించమని ఆదేశించింది. కనుక ఇది కాగితానికే పరిమితమైన సూత్రం అనుకోనవసరం లేదు. ట్రక్కును పొలం పనికి వాడుతున్నారని కంపెనీ అభ్యంతరం చెప్పినా, సాధారణంగా కుటుంబ అవసరాలకు వాడే రకం వస్తువు అయితే చాలు, ఆ చట్టం వర్తిస్తుంది.

ఇక కంపెనీ ఏమని వాదించవచ్చో ముందే ఊహించుకోవాలి. శక్తి ట్రాన్స్‌మిషన్ నుంచి డ్రైవ్ షాఫ్ట్ ద్వారా వెనక ఆక్సిల్‌కు వెళుతుంది. డిఫరెన్షియల్ ఆ దారికి చివర ఉంటుంది. డ్రైవ్ షాఫ్ట్ చివరి చిన్న గేరు పినియన్‌ను, అది తిప్పే పెద్ద రింగ్ గేరును మార్చకుండా డిఫరెన్షియల్ ఒక్కటే మారిస్తే ఆక్సిల్ నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలనే లెక్క) మారదు, అంటే ట్రాన్స్‌మిషన్ మీద పడే భారంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అయితే చాలా షాపులు ఆ పనితోపాటే 3.55 నిష్పత్తిని తీసి 4.10 వంటిది వేస్తాయి. అలా వేసి ట్రక్కు కంప్యూటరులో కొత్త నిష్పత్తిని నమోదు చేయకపోతే గేర్లు తప్పు వేగాల వద్ద మారతాయి, కుదుపు వస్తుంది. అప్పుడు కంపెనీ వాదనకు బలం చేకూరుతుంది. టైర్ల కొలత మార్చినా ఇదే ఇబ్బంది. పినియన్ అమరిక చెడి డ్రైవ్ షాఫ్ట్‌లో వణుకు పుట్టి, అది ట్రాన్స్‌మిషన్ వెనక సీలునో బేరింగునో దెబ్బతీసిందని కూడా అనవచ్చు. అందుచేత ముందుగా షాపు బిల్లు తీసి, అందులో ఏ భాగాలు, ఏ నిష్పత్తి రాశారో చూసుకోండి. నిష్పత్తి మారలేదని బిల్లులో ఉంటే, మీ దగ్గర ఉన్న కాగితాల్లో అంతకంటే విలువైనది లేదు.

డీలరు నోటితో చెప్పిన నిరాకరణకు విలువ ఇవ్వకండి. ట్రాన్స్‌మిషన్‌లో ఏ భాగం చెడింది, ఏ లోప సంకేతాలు నమోదయ్యాయి, ట్రాన్స్‌మిషన్ నూనె ఎలా ఉంది, డిఫరెన్షియల్ మార్పు ఆ లోపానికి ఎలా కారణమైంది అనే నాలుగు విషయాలు లిఖితపూర్వకంగా ఇమ్మని ఈమెయిల్ పెట్టండి. చాలా నిరాకరణలు ఈ నాలుగో ప్రశ్న దగ్గరే నీరుగారిపోతాయి, ఎందుకంటే కారణం చెప్పాలంటే ట్రాన్స్‌మిషన్‌ను పరీక్షించక తప్పదు. మీ వాహనం నంబరు మీద వారంటీ నిలిపివేత ఏదైనా నమోదు చేశారా అని కూడా అడగండి. చేసి ఉంటే రాష్ట్రంలో ఏ డీలరు దగ్గరకు వెళ్లినా అదే జవాబు వస్తుంది. జవాబు సంతృప్తికరంగా లేకపోతే డీలరును వదిలి, తయారీదారు వినియోగదారుల విభాగానికి నేరుగా రాయండి. దావా వేసే ముందు లోపాన్ని సరిచేసే అవకాశం కంపెనీకి ఇచ్చి తీరాలని మాగ్నసన్–మాస్ చట్టమే చెబుతోంది, కాబట్టి ఈ ఉత్తరాలు రేపు మీకు సాక్ష్యాలవుతాయి. మీరు గెలిస్తే లాయరు ఫీజు కూడా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

రొద విషయం వేరు. డిఫరెన్షియల్ బిగించడం చాలా జాగ్రత్తతో చేయవలసిన పని. రింగ్ గేరుకు, పినియన్‌కు మధ్య ఉండే సందును అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. పళ్ల మీద రంగు పూసి, తిప్పి, ఒరిపిడి గుర్తు పంటి మధ్య పడిందో అంచున పడిందో చూసి సర్దుతారు. వేగంతోపాటు పెరిగే రొదకు ఎక్కువసార్లు ఈ సర్దుబాటులోని లోపమో, బేరింగు బిగువులోని తేడానో కారణం. నూనె సంగతి కూడా చూసుకోవాలి: క్లచ్ రకానికి కలపవలసిన ఫ్రిక్షన్ మాడిఫయర్‌ను (నూనెలో కలిపే, ఒరిపిడిని సర్దే ద్రవాన్ని) హెలికల్ రకంలో కలిపితే అది పట్టు తగ్గిస్తుంది. షాపు ఏ నూనె పోసిందో బిల్లులో ఉండాలి. ఇంకో ప్రశ్నకు కూడా మీరు సిద్ధంగా ఉండాలి. కొత్త రింగ్ గేరు, పినియన్ వేసినప్పుడు మొదటి 500 మైళ్ల వరకు బరువు లాగవద్దని, ఆ తర్వాత నూనె మార్చాలని షాపులు చెబుతుంటాయి. మీకు ఆ సూచన రాతపూర్వకంగా ఇచ్చి, మీరు మరుసటి వారమే ట్రాక్టరు లాగి ఉంటే, నష్టంలో కొంత మీ వల్ల కలిగిందని వాళ్లు అంటారు.

90 రోజుల గ్యారంటీ అనే మాటతో మీ హక్కు ముగిసిపోదు. 1987లో మెలొడీ హోమ్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు, ఉన్న వస్తువును బాగుచేసే లేదా మార్చే పని నైపుణ్యంతో చేస్తామనే వారంటీ ఎక్కడా రాయకపోయినా వర్తిస్తుందని, దాన్ని వదులుకున్నట్టు సంతకం తీసుకున్నా చెల్లదని తీర్పు ఇచ్చింది. 2013లో గొంజాలెస్ కేసులో అదే కోర్టు దీనికి ఒక పరిమితి పెట్టింది: పని ఎలా ఉండాలో, ఏ ప్రమాణంలో ఉండాలో ఇరువురూ ప్రత్యేకంగా రాసుకుంటే ఆ రాతే నిలుస్తుంది. మీ బిల్లులో పని ప్రమాణం ఊసు లేకుండా రోజుల లెక్క మాత్రమే ఉంటే, మెలొడీ హోమ్ తీర్పు మీకు అండగా ఉంటుందని గట్టిగా వాదించవచ్చు.

షాపు మీద టెక్సాస్ డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ చట్టం (వ్యాపారుల మోసపు పద్ధతుల నుంచి వినియోగదారులను కాపాడే చట్టం) కింద వెళ్లాలంటే, దావాకు కనీసం 60 రోజుల ముందు, మీ ఫిర్యాదు ఏమిటో, ఎంత నష్టం అడుగుతున్నారో వివరంగా రాసి నోటీసు పంపాలి. ఆ 60 రోజుల్లో ట్రక్కును చూస్తామని షాపు అడిగితే కాదనకండి, అది మీకే చేటు. అంతకుముందే మరో షాపులో ఆక్సిల్ విప్పించవలసి వస్తే, మూత తీసిన క్షణం నుంచి ఫొటోలు తీయించండి. కారిన నూనెను ఒక సీసాలో పట్టించి, తీసిన ప్రతి భాగాన్నీ దాచండి. కంపెనీ డిఫరెన్షియల్ పాతది మీ గరాజులో ఉంటే దాన్ని పారేయవద్దు. దావాకు కాలపరిమితి సాధారణంగా రెండేళ్లు. నష్టం 20 వేల డాలర్ల లోపైతే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.

మార్పు చట్టవిరుద్ధమా అని అడిగారు. కాదు. యజమాని తన ట్రక్కులో ఇలాంటి భాగం మార్చుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించదు. షాపుల మీద మాత్రం ఒక ఆంక్ష ఉంది: భద్రతా ప్రమాణాల కోసం అమర్చిన పరికరాన్ని తెలిసి పనిచేయకుండా చేయకూడదు. స్థూల బరువు పరిమితి 10 వేల పౌండ్ల లోపు ఉన్న కొత్త వాహనాలకు స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) 2011 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. మీరు వేయించిన హెలికల్ రకం రెండు చక్రాల వేగాల్లో తేడాను అనుమతిస్తుంది కనుక దానితో ఈ చిక్కు సాధారణంగా రాదు. ఇరుసును ఎప్పుడూ బిగదీసి ఉంచే పూర్తి లాకరు ఆ వ్యవస్థకు అడ్డు కావచ్చు కనుక, దాన్ని వేయించేవారు మాత్రం ఆలోచించుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీకి ఈ మార్పు సంగతి ఒక ఈమెయిల్‌లో తెలియజేయండి.

ఇప్పుడు తొందర అవసరమైనది ట్రాన్స్‌మిషన్ విషయంలోనే. కొత్త ట్రక్కు సొమ్ము వెనక్కి ఇప్పించే టెక్సాస్ లెమన్ లా గడువు మీకు దాటిపోయింది, కానీ వారంటీ ప్రకారం రిపేరు చేయించమని టెక్సాస్ మోటారు వాహనాల శాఖకు ఫిర్యాదు చేసే అవకాశం వేరే ఉంది. దానికి లోపాన్ని వారంటీ ఉండగానే డీలరుకు తెలియజేసి ఉండాలి. మీకు మిగిలింది 12 వేల మైళ్లే. ట్రెయిలరు లాగడం ఆపి, ఈ వారమే కుదుపు గురించి సర్వీసు అడ్వైజరు చేత రిపేరు ఆర్డరు రాయించుకుని, మైళ్ల లెక్క, తేదీ ఉన్న ప్రతిని తీసుకోండి. కొనుగోలు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు), వారంటీ పుస్తకంలో ముందుగా సర్దుబాటు వేదికకు వెళ్లాలనే షరతు ఉన్నాయేమో చూసి, ఆ పేజీలను బిల్లుతో కలిపి మీ ఊళ్లోని వినియోగదారుల కేసుల లాయరుకు చూపించండి.