కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా? నేను చూసే గుర్తులు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు దాడిని నడిపిస్తూ బంతిని విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. కాలేజీలో అదరగొట్టే క్వార్టర్‌బ్యాక్ అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా ఆడగలడో లేదో ముందే ఎలా తెలుస్తుందని అడిగారు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కాలేజీ ఆటగాళ్లను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2000 డ్రాఫ్ట్‌లో, తర్వాత దిగ్గజంగా ఎదిగిన టామ్ బ్రాడీని జట్లన్నీ కలిసి 199వ స్థానం దాకా వదిలేశాయి. 2007లో అందరికంటే ముందు ఎంపికైన జమార్కస్ రసెల్ మూడు సీజన్లకే కనుమరుగయ్యాడు. అయినా స్కోరుబోర్డు మీద కనిపించని గుర్తులు కొన్ని ఉన్నాయి.

నేను లబ్బక్‌లోని టెక్సస్ టెక్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నప్పుడు మా క్వార్టర్‌బ్యాక్, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ అయిన ప్యాట్రిక్ మహోమ్స్. 2016 అక్టోబరులో ఓక్లహోమాతో మ్యాచ్‌ని లబ్బక్‌లో స్టేడియంలోనే చూశాను. మహోమ్స్ పాసులతోనే 734 యార్డులు కొట్టాడు, అయినా 66-59తో ఓడిపోయాం. అవతలి వైపు బేకర్ మేఫీల్డ్ ఏడు టచ్‌డౌన్ పాసులు (ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) వేశాడు. ఆ సీజన్‌లో మేం గెలిచినవి 5, ఓడినవి 7. "ఎయిర్ రెయిడ్ పద్ధతిలో ఎవరైనా అన్ని యార్డులు కొడతారు" అని చాలామంది తీసిపారేసేవారు. అందులో కొంత నిజముంది. ఎక్కువగా పాసుల మీదే నడిచే ఆ పద్ధతిలో రిసీవర్లు, అంటే బంతిని అందుకునేవాళ్లు, మైదానమంతా పరుచుకుంటారు, బంతి చాలాసార్లు ముందే అనుకున్న మనిషికి వెళ్లిపోతుంది. కానీ నేను గమనించింది ఆ ప్లాన్ చెదిరిపోయిన క్షణాలను. డిఫెండర్లు మీదికి వచ్చేస్తున్నా మహోమ్స్ వాళ్లవైపు చూసేవాడు కాదు. పక్కకు పరుగెత్తుతూ కూడా చూపు దూరంగా ఉన్న రిసీవర్ల మీదే ఉంచేవాడు.

మీరూ అదే చూడండి. థర్డ్ డౌన్ (పది యార్డులు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఎనిమిది పది యార్డులు కావాలి, బ్లిట్జ్ వస్తుందని, అంటే అదనపు డిఫెండర్లు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతారని అందరికీ తెలుసు. మొదటి రిసీవర్‌ని కట్టేశారు. అప్పుడు మనవాడి తల రెండో మనిషి వైపు, మూడో మనిషి వైపు తిరుగుతుందా, లేక టెన్షన్‌తో వెంటనే పరుగు తీస్తాడా? రిసీవర్ ఇంకా వెనక్కి తిరగకముందే బంతి వదలగలడా? కాలేజీలో రిసీవర్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డిఫెండర్లందరూ వేగంగా ఉంటారు, అర అడుగు సందు దొరికితే అదే ఎక్కువ.

అంకెల్లో నేను ఎక్కువగా నమ్మేది మైదానంలో గడిపిన కాలం. 2017లో మహోమ్స్ కంటే ఎనిమిది స్థానాల ముందు, రెండో ఆటగాడిగా ఎంపికైన మిచెల్ ట్రుబిస్కీ కాలేజీలో స్టార్టర్‌గా (ఆట మొదటి నుంచీ దిగేవాడిగా) ఆడింది 13 మ్యాచ్‌లే. అతను తనను ఎంచుకున్న షికాగో జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు. కాలేజీలో అయోవా స్టేట్ తరఫున నాలుగేళ్లు ఆడిన బ్రాక్ పర్డీ 2022లో చిట్టచివరి ఎంపిక, 262వ వాడు. రెండో సీజన్‌లోనే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లాడు. రిసీవర్లకు సరిగ్గా అందిన పాసుల శాతాన్ని మాత్రం గుడ్డిగా నమ్మను. వయోమింగ్ కాలేజీ జట్టులో జాష్ అలెన్‌ది 56 శాతం. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు బఫెలోలో మూడో ఏటికి 69కి చేరాడు, 2024 సీజన్‌కి ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) కూడా అయ్యాడు.

ఇంత చూశాక కూడా సగం మాత్రమే తెలుస్తుంది. మిగతా సగం అతను ఏ జట్టులో పడతాడన్నది. మహోమ్స్‌కి ఆండీ రీడ్ కోచ్‌గా దొరికాడు, మొదటి ఏడాదంతా దాదాపు అలెక్స్ స్మిత్ వెనకాల కూర్చుని నేర్చుకున్నాడు. ఆ రోజు లబ్బక్‌లో గెలిచిన మేఫీల్డ్ 2018లో మొదటి ఎంపికగా క్లీవ్‌లాండ్ వెళ్లాడు, తర్వాత కరోలినా, రామ్స్ జట్లు తిరిగి చివరికి టాంపా బేలో కుదురుకున్నాడు. అదే డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో జెట్స్ జట్టుకి వెళ్లిన శామ్ డార్నాల్డ్ పని అయిపోయిందనే అనుకున్నారు. 2024లో మిన్నెసోటాలో మంచి కోచ్, మంచి రిసీవర్లు దొరికాక 14 మ్యాచ్‌లు గెలిపించాడు.