వన్యప్రాణుల సినిమాటోగ్రాఫర్ కావాలంటే ముందు కెమెరా కొనాలా, కోర్సులో చేరాలా?

వన్యప్రాణుల చిత్రీకరణను వృత్తిగా ఎంచుకోవాలనుకుంటున్నానని, ముందు ఖరీదైన కెమెరా కొనాలో కోర్సులో చేరాలో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. ఈ రంగంలో మొదట అసిస్టెంట్‌గా, తర్వాత కెమెరామన్‌గా పనిచేస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఆ రెండింటికన్నా ముందు ఏదో ఒక జీవి నడవడికను క్షుణ్ణంగా తెలుసుకుని, దాని కథను వరుస షాట్లలో చెప్పడం నేర్చుకోండి.

ఫొటోగ్రఫీ నుంచి వచ్చేవారికి ఈ రెండోదే కష్టం. ఫొటోకు ఒక్క క్షణం చాలు. ఎడిటర్‌కు ఆ క్షణానికి ముందూ వెనకా జరిగినవన్నీ కావాలి. లకుముకిపిట్ట వేటనే తీసుకోండి. నీటి మీదికి వంగిన కొమ్మ, దాని మీద పిట్ట తలాడిస్తూ దూరాన్ని అంచనా వేయడం, కింద కదిలే చేపపిల్లలు, దూకడం, తిరిగి వచ్చి చేపను కొమ్మకేసి బాది తలవైపు నుంచి మింగడం, ఇవన్నీ ఉంటేనే అది సన్నివేశమవుతుంది. ఇవన్నీ ఒకే వేటలో దొరకవు కనుక అదే కొమ్మ దగ్గర, అదే వెలుగు కోసం రోజుల తరబడి మాటు వేయాలి. దూకడాన్ని సెకనుకు 100 ఫ్రేముల చొప్పున తీసి 25 చొప్పున చూపిస్తే నాలుగు రెట్లు నెమ్మదిగా కనిపిస్తుంది. బటన్ నొక్కడానికి ముందటి కొన్ని సెకన్లను కూడా భద్రపరిచే ప్రీ-రికార్డ్ సదుపాయం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. అయినా పిట్ట ఎటు దూకుతుందో ఊహించి ఫ్రేము సిద్ధం చేసుకోవలసింది మనమే.

పెద్ద లెన్సులను సాధారణంగా నిర్మాణ సంస్థలే అద్దెకు తెస్తాయి. మీరు కొనదలిస్తే మంచి ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాను కుదుపు లేకుండా తిప్పనిచ్చే పైభాగం) ఉన్న ట్రైపాడ్ కొనండి. దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సులో చిన్న గాలికే దృశ్యం వణుకుతుంది. బీబీసీ సహజ చరిత్ర విభాగం 1957 నుంచి ఉన్న బ్రిస్టల్‌లోనూ, అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీలోనూ ఈ విద్యకు ప్రత్యేక కోర్సులున్నాయి. వాటివల్ల పరిచయాలు పెరుగుతాయి కానీ, అవి లేకుండా అసిస్టెంట్లుగా పని నేర్చుకుని ఎదిగినవారు కూడా ఎందరో ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. 1958 నాటి ‘వైట్ వైల్డర్‌నెస్’ డాక్యుమెంటరీ చిత్రం కోసం లెమ్మింగులను (ఎలుకల్లాంటి చిన్న జంతువులను) వేరే చోటి నుంచి తెచ్చి, గట్టు మీద నుంచి నీళ్లలోకి తోసి, అవే ఆత్మహత్య చేసుకుంటున్నట్టు చూపించారు. ఆ అబద్ధాన్ని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. గూడు బాగా కనిపించాలని అడ్డున్న ఆకులు తుంచడం కూడా తప్పే, ఎందుకంటే మనకు కనిపించే పిల్లలు కాకులకూ కనిపిస్తాయి.

ఆదాయం మొదట్లో నిలకడగా ఉండదు, కాబట్టి కొన్నాళ్లు వేరే పని చేసుకుంటూనే మీ చుట్టుపక్కల ఉండే ఒక జీవి మీద రెండు మూడు నిమిషాల పూర్తి సన్నివేశం తీయండి. అసిస్టెంట్ పని అడిగేటప్పుడు, విడివిడి షాట్లు అతికించిన వీడియోకు బదులు దాన్నే పంపండి.