నామినేషన్ వేస్తానన్న మేనకోడలికి

చి. సౌ. మాధవికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "2029లో మార్కాపురం నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడదామనుకుంటున్నా మామయ్యా" అన్నావు. వెనక నుంచి మీ అమ్మ గొణుగుడు కూడా వినబడిందిలే. గెలుస్తానా లేదా అని మాత్రం నన్నడగకు, ఆ జోస్యం నాకు రాదు. ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేశాను. 1994 నుంచి రిటైరయ్యేదాకా నామినేషన్ల బల్ల పక్కన కూర్చున్నాను. జనం దాకా వెళ్లకుండా కాగితం దగ్గరే ఆగిపోయినవాళ్లను ఎంతమందిని చూశానో. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక్కటి చెప్పు. నీ ఓటు ఎక్కడుంది? కూకట్‌పల్లిలో. 2023లో అక్కడ ఓటు వేసి, వేలి మీద సిరా చుక్క ఫొటో నాకు పంపింది నువ్వే. అంటే ఈ రోజున ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 175 సీట్లలో ఒక్కదానికీ నువ్వు పనికిరావు. అసెంబ్లీకి పోటీ చేయాలంటే ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఒంగోలులో ఓటున్న మనిషి మార్కాపురంలో నిలబడొచ్చు, కూకట్‌పల్లిలో ఓటున్న మనిషి నిలబడకూడదు. లోక్‌సభకైతే ఈ పట్టింపు లేదు, దేశంలో ఎక్కడ ఓటున్నా చెల్లుతుంది. హైదరాబాదులో స్థిరపడి సొంతూళ్లో పోటీ చేద్దామనుకునే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఆఖరి వారంలో గాని తట్టదు.

ఓటు మార్చుకోవడానికి ఫారం 6 పెట్టకు, అది మొదటిసారి చేరేవాళ్లది. నువ్వు పెట్టాల్సింది ఫారం 8. దాంతో అక్కడ పేరు తీసేసి ఇక్కడ చేరుస్తారు. రెండుచోట్లా ఉంచుకుందామన్న ఆలోచన కలలో కూడా రానీయకు. అబద్ధపు డిక్లరేషన్‌కు ఏడాది దాకా జైలుంది. పైగా మామూలుగా నివసించే చోటే ఓటు ఉండాలి. నాన్నగారి ఇల్లుంది కదా, సంక్రాంతికి వస్తాను కదా అంటే సరిపోదు. ఇంటింటికీ వచ్చి ఓటర్ల వివరాలు చూసే బూత్ అధికారి, బీఎల్‌వో వచ్చి తలుపు కొడితే తలుపు తీసేది నువ్వై ఉండాలి. నామినేషన్ల ఆఖరు తేదీ దాటాక జాబితాలో ఎవరి పేరూ చేర్చరు. ఆ గడువు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే కదులు.

వయసు 25 నిండాలి, నీకు ఆ చింత లేదు. మీ తమ్ముడు కూడా ఉబలాటపడుతున్నాడట కాబట్టి వాడికీ చెప్పు: ఈ వయసును నామినేషన్ వేసిన రోజుకు కాదు, స్క్రూటినీ, అంటే నామినేషన్ల పరిశీలన తేదీకి లెక్కగడతారు. చదువు ఇంత ఉండాలని గాని, పిల్లలు ఇంతమందే ఉండాలని గాని అసెంబ్లీకి నిబంధన లేదు. డాలస్‌లో ఉన్న మీ అన్న అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు కదా, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఎన్నున్నా వాడు పోటీకి పనికిరాడు. ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. వేములవాడ నుంచి పలుమార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద కేసు ఏళ్ల తరబడి నడిచి, చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడని తేల్చింది.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాజీనామా చేయాలి, అది ఆమోదం కూడా పొందాలి. నీకది వర్తించదు గానీ, నీ పేరున పెట్టిన సంస్థ ఒకటుందని విన్నాను. రాష్ట్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టో, పనులు చేసిపెట్టే కాంట్రాక్టో అప్పటికి నడుస్తుంటే అనర్హత వస్తుంది. పని మొత్తం పూర్తయి బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే అడ్డు కాదు. ఇక కేసుల సంగతి. కేసు ఉన్నంత మాత్రాన పోటీకి అడ్డు లేదు, శిక్ష పడితేనే. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే జైల్లో ఉన్న కాలంతో పాటు విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు ఆశ వదులుకోవాల్సిందే. కొన్ని నేరాలకు అంత శిక్ష కూడా అక్కర్లేదు. అప్పీలు వేశామంటూ పదవిలో కొనసాగే వెసులుబాటు సిట్టింగ్ సభ్యులకు ఉండేది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇప్పుడు అసలు కథ, ప్రతిపాదకులు, అంటే నామినేషన్‌లో నీ పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్లు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. నీలాంటి ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. ఈ పదిమంది లెక్క ఎందుకొచ్చిందో తెలుసా? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరును పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంట్లకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు కదిలితే 185 మంది అభ్యర్థులు తేలారు. కోపం వచ్చిన రైతుకు పదిమంది దొరకడం ఓ లెక్కా!

పదిమంది విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది, చెప్పాలి. నేను రిటైరైన మరుసటి ఏడాది, 2009లో, నా స్నేహితుడొకడు ఇండిపెండెంట్‌గా వేస్తూ కాగితాలు చూసిపెట్టమన్నాడు. పదిమంది ఓటరు కార్డులూ తెప్పించి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నాను. స్క్రూటినీలో ఎదుటివాళ్ల లాయరు లేచి ఏడో పేరు మీద వేలు పెట్టాడు. నియోజకవర్గాల పునర్విభజనలో ఆ మనిషి ఊరు పక్క నియోజకవర్గంలోకి వెళ్లిపోయింది. కార్డు పాతది, దాని మీద పాత పేరే ఉంది. నేను కార్డు చూశాను గానీ జాబితా చూడలేదు. తొమ్మిదిమందే మిగిలారు, నామినేషన్ పోయింది. నామినేషన్ తిరస్కరిస్తే డిపాజిట్ తిరిగిస్తారు కాబట్టి వాడి 5 వేలు వాడికి వచ్చాయి. వాడు మాత్రం ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు ఊళ్లో వాళ్లందరి కాగితాల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఆ ఒక్కటి పట్టలేకపోయాను.

కాబట్టి కార్డు నమ్మకు. తాజా ఓటరు జాబితా ముందు పెట్టుకుని పార్టు నంబరు, వరుస నంబరు, పేరు అక్షరం అక్షరం సరిచూసుకో. వేలిముద్ర వేసే పెద్దవాళ్లుంటే ఇంటి దగ్గర వేయించుకురాకు, అది ఆర్వో (రిటర్నింగ్ అధికారి) ముందో, అధికారం ఇచ్చిన అధికారి ముందో పడాలి. ఒక అభ్యర్థి నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు. ఒక్కో సెట్టుకు వేరే పదిమందిని పెట్టుకో. ఒకదాంట్లో పురుగు దొరికినా ఇంకోటి నిలబడుతుంది. పార్టీవాళ్లలో తెలివైనవాళ్లు కూడా ఈ పని చేస్తారు. వీడే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారం ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా, సిరా సంతకంతో, ఆర్వో చేతికి చేరాలి. రాకపోతే ఒక్క ప్రతిపాదకుడి సెట్టు చెల్లదు. అందుకే పదిమందితో ఇంకో సెట్టు పక్కన వేసి ఉంచుతారు. బీ-ఫారం దక్కనివాళ్లు ఇండిపెండెంట్లుగా నిలిచి రెబల్స్ అయ్యేది ఆ సెట్టుతోనే.

డిపాజిట్ ఇప్పుడు 10 వేలు, ఎస్సీ ఎస్టీలకు 5 వేలు. నగదైనా కట్టాలి, ట్రెజరీ చలానా అయినా ఉండాలి. చెక్కు తీసుకోరు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ఓడినవాళ్లకు అది తిరిగొస్తుంది. 1,80,000 ఓట్లు చెల్లితే 30 వేలు దాటాలన్నమాట. ఆ డబ్బు పోయిందనుకునే దిగు.

అఫిడవిట్ ఫారం 26. దానికి ఒక రాత్రి కాదు, ఒక వారం కేటాయించు. నీ ఆస్తులు, మీ ఆయన ఆస్తులు, నీ మీద ఆధారపడినవాళ్లవి, అప్పులు, పాన్, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల లెక్క, చదువు, కేసులు అన్నీ రాయాలి. మీ అమ్మ పెళ్లికి పెట్టిన బంగారాన్ని గ్రాముల్లో తూకం వేయించి విలువ కట్టించు. లాకర్లో ఉంది కదా అని వదిలేయకు. ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచకూడదు. లేనిచోట "లేదు" అని, సంబంధం లేనిచోట "వర్తించదు" అని రాయాలి. గీత గీసి ఊరుకోవద్దు. ఖాళీలున్న అఫిడవిట్ ఓటరు తెలుసుకునే హక్కుకు విరుద్ధమని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్వో నోటీసిచ్చాక కూడా నింపకపోతే తిరస్కరిస్తారు. నోటరీ ముద్ర ప్రతి పేజీ మీదా పడిందో లేదో నువ్వే తిప్పి చూసుకో, నోటరీ గుమాస్తాకు వదలకు.

తేదీలు ఎలా నడుస్తాయో 2024 లెక్కతో చెబుతాను. ఏప్రిల్ 18న నోటిఫికేషన్. 25న నామినేషన్లకు ఆఖరు. 26న స్క్రూటినీ. 29న ఉపసంహరణకు ఆఖరు. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఉపసంహరణ గడువు తరువాత పోలింగ్‌కు కనీసం పద్నాలుగు రోజులుండాలి. నీకు చిక్కే ప్రచారం ఆ పద్నాలుగు రోజులే, అందులోనూ ఆఖరి 48 గంటలు నోరు కట్టేసుకోవాలి. నామినేషన్లు తీసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా. ముహూర్తం పేరుతో ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఆగినవాళ్లు చెమటలు కక్కుతూ రావడం నేను చూశాను. మీ అమ్మ పంతులుగారిని అడుగుతానంటే అడగనీ, కానీ మొదటి మూడు రోజుల్లోనే ముహూర్తం పెట్టించమను. లోపలికి నీతో కలిపి ఐదుగురే. వంద మీటర్లలోపు మూడు వాహనాలే. డప్పులు బయటే ఆగాలి.

నామినేషన్ ఇచ్చాక అక్కడే రాజ్యాంగం మీద ప్రమాణం చేసి, చేసినట్టు కాగితం తీసుకో. స్క్రూటినీ రోజుకు ముందే అది అయిపోవాలి. ఇది మరిచిపోయి ఇంటికి వెళ్లినవాళ్లున్నారు.

గుర్తుకు మూడు ఎంపికలు రాయాలి. పెద్ద పార్టీ గుర్తును పోలినది ఏరుకునే చిల్లర తెలివి మనకొద్దు. కారు గుర్తు పక్కన రోడ్డు రోలర్ ఎంత గొడవ తెచ్చిందో 2022 మునుగోడు ఉప ఎన్నికలో చూశాం.

ఒకరు రెండు సీట్లకు మించి వేయకూడదు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటా గెలిచారంటే అప్పట్లో ఈ అడ్డు లేదు, 1996లో పెట్టారు.

ఖర్చు విషయంలో మీ ఆయనను పక్కన కూర్చోబెట్టి ఈ ముక్క చదివించు. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు, ఈ ఎన్నిక కోసమే ఒక బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక రిజిస్టరు ఇస్తారు: తెల్ల కాగితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల్లో నగదు, పసుపు కాగితాల్లో బ్యాంకు లెక్క. టీకి, కుర్చీకి, షామియానాకు కూడా జిల్లాలో రేటు కడతారు. నువ్వు వంద కుర్చీలు వేసి యాభై అని రాస్తే, వాళ్లు తీసిన వీడియోలో వందా కనబడతాయి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. ఓడిపోయినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఓడాం కదా, ఇంకేం లెక్క అని ఇంట్లో పడుకుంటారు. తరువాత మూడేళ్లు పోటీకి అనర్హులని నోటీసు వస్తుంది.

పోలింగ్ రోజు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ఒక్క మాట మాత్రం: బూత్ ఏజెంట్లుగా మొహమాటస్తులను పెట్టకు. తెల్లవారుజామునే వెళ్లి, యంత్రాన్ని పరీక్షించే మాక్ పోలింగ్ చూడాలి, సాయంత్రం పోలైన ఓట్ల లెక్కతో ఫారం 17సీ కాపీ చేతిలో పడేదాకా కుర్చీ వదలకూడదు. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలింది. 2024లో మడకశిర 351తో. అలాంటి చోట ఒక్కో 17సీ కాగితం బంగారమే.

ఆదివారం ఊరికి వస్తున్నావుగా. ఆధార్, మీ నాన్న పేరున ఉన్న కరెంటు బిల్లు, కూకట్‌పల్లి ఓటరు కార్డు తెచ్చుకో. ఫారం 8 ఇక్కడ కూర్చునే నింపుదాం. పదిమంది పేర్లూ ఒక కాగితం మీద రాసుకురా, కార్డులు వద్దు. జాబితా నేను తీసి ఉంచుతాను, ఈసారి ఏడో పేరు నుంచి చూడటం మొదలుపెడతాను. మీ అత్తయ్య పెసలు నానబోస్తానంటోంది, ఎనిమిదింటికల్లా వచ్చెయ్.

మీ మామయ్య