హామ్ రేడియోకి నాయిస్ తగ్గించే స్పీకర్: ఆరేళ్లు వాడాక నాకు తెలిసినవి

హామ్ రేడియోలో, అంటే లైసెన్సుతో అభిరుచి కోసం నడిపే రేడియోలో, 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) మీద సాయంత్రం రెండు గంటలు కూర్చుంటే ఆ హోరుకి తల వాచిపోతోందని రాశారు. నాయిస్ తగ్గించే డీఎస్‌పీ స్పీకర్ (లోపలి చిప్ ఆడియోని అంకెలుగా మార్చి శుభ్రం చేసేది) పెట్టుకుంటే బలహీనంగా వచ్చే స్టేషన్లు కూడా వినబడతాయా అని అడిగారు. అలాంటి స్పీకర్ నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. మీరు ఒక్కటిగా అడిగినా ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. తలనొప్పి తగ్గుతుందా అంటే తప్పకుండా తగ్గుతుంది. ఇప్పుడు వినబడని స్టేషన్ రేపు వినబడుతుందా అంటే, అది చాలా అరుదు. నేను ఈ రెండూ ఒకటే అనుకుని కొన్నాను. అందుకే మొదటి నెలంతా నాకు నిరాశే మిగిలింది.

ముందు ఒక తికమక తీర్చేస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రయాణాల్లో పెట్టుకునే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు వేరు, ఇది వేరు. ఆ హెడ్‌ఫోన్లు చుట్టూ ఉన్న చప్పుడుని మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా వ్యతిరేకమైన అలని చెవి దగ్గర పుట్టించి అణిచేస్తాయి. గదిలో ఫ్యాన్ చప్పుడు పోతుంది కానీ రేడియోలోంచి వచ్చే గరగర పోదు, పైగా ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మనం మాట్లాడుకునే స్పీకర్‌కి గదితో పనిలేదు. రేడియో పంపిన ఆడియోలోనే మాట ఏది, హోరు ఏది అని విడదీయడం దాని పని.

ఆ విడదీయడం ఎలాగో తెలిస్తే, నాయిస్ ఎంత తగ్గించాలో చెప్పే స్పీకర్ నాబ్ ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మనిషి గొంతులో ఒక క్రమం ఉంటుంది. 'ఆ' అని సాగదీసి పలికితే ఒకే ఆకారంలో ఉన్న అల సెకనుకి వంద సార్లో, అంతకన్నా ఎక్కువో మళ్లీ మళ్లీ వస్తుంది. హోరుకి ఆ క్రమం లేదు. ఇప్పటి ముక్కకీ కొన్ని మిల్లీసెకన్ల కిందటి ముక్కకీ పొంతన ఉండదు. కాబట్టి ఒక పద్ధతిలో చిప్ ఇంతకు ముందు వచ్చిన ఆడియోని చూసి ఇప్పుడు రాబోయేది ఊహిస్తుంది. ఊహకి అందినది ఉంచుతుంది, అందనిది వదిలేస్తుంది. తప్పిన ప్రతిసారీ తన లెక్క సరిదిద్దుకుంటుంది. ఇలా సరిదిద్దుకునే ఎల్‌ఎమ్‌ఎస్ అనే సూత్రాన్ని 1960లో స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, టెడ్ హాఫ్ కలిసి తయారు చేశారు. మొదటి మైక్రోప్రాసెసర్లలో ఒకటైన ఇంటెల్ 4004 వెనక ఉన్నవాళ్లలో కూడా ఆ హాఫ్ ఒకరు. మన బల్ల మీది చిన్న డబ్బాలో ఆయన చేసిన రెండు పనులూ కలిసి కూర్చున్నాయి కదా అని నాకు ఎప్పుడూ ఒక సంతోషం. రెండో పద్ధతి 1979లో స్టీవెన్ బోల్ రాసినది. ఆడియోని సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కలుగా చేసి, మాట ఆగినప్పుడు ఒక్కో ముక్కలో హోరు ఎంతుందో చూసుకుని, మాట ఉన్నప్పుడు అంత మేరకు తీసేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మన మాటల్లో అన్ని శబ్దాలకీ ఆ క్రమం లేదు. 'స', 'ష', 'ఫ' పలికి చూడండి, అవి ఒట్టి గాలి శబ్దాలు. చిప్ దృష్టిలో అవీ హోరే. చేటలో మరీ గట్టిగా చెరిగితే పొట్టుతో పాటు గింజలూ ఎగిరిపోయినట్టు, నాబ్ బాగా పైకి తిప్పితే హోరుతో పాటు ఈ హల్లులూ పోతాయి.

స్పీకర్ వచ్చిన రెండో వారం ఒక రాత్రి జరిగింది చెబుతాను. 7 మెగాహెర్ట్జ్ మీద దూరం నుంచి ఒక స్టేషన్, సిగ్నల్ మీటర్ మీద సూది కదిలీ కదలనట్టుంది. నేను నాబ్ దాదాపు చివరికి తిప్పేసి ఉన్నాను. గది ప్రశాంతంగా ఉంది, ఆ నిశ్శబ్దం చూసి మురిసిపోతున్నాను. ఆయన కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు అక్షరాలు) చెప్పాడు. చివరి అక్షరం దగ్గర నాకు 'ఎ' అని మాత్రం వినిపించింది, ఆ తర్వాత ఖాళీ. మళ్లీ అడిగాను, మళ్లీ 'ఎ', ఖాళీ. ఎఫ్ అనుకుని రాసుకుని తిరిగి చెప్పాను. ఆయన కాదన్నాడు. అప్పుడు ఏదో తోచి నాబ్‌ని మూడో గీత దాకా వెనక్కి తెచ్చాను. హోరు సర్రుమని తిరిగి వచ్చింది, దాంతో పాటే 'ఎస్, సియెర్రా' (రేడియోలో ఎస్‌కి వాడే మాట) అని స్పష్టంగా వినిపించింది. ఆ 'స్' అంతసేపూ ఆడియోలోనే ఉంది. దాన్ని నా చెవి దాకా రానివ్వనిది నేను పెట్టిన సెట్టింగే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2007లో యీ హు, ఫిలిపోస్ లోయిజు ఎనిమిది రకాల నాయిస్ తగ్గించే పద్ధతులని మామూలు వినికిడి ఉన్నవాళ్ల మీద పోల్చి చూశారు. మాటలు ఇంకా ఎక్కువ అర్థం కావడమనేది దాదాపు ఎక్కడా కనబడలేదు. వినడం హాయిగా ఉండటం వేరు, మాట అర్థం కావడం వేరు. ఎడతెగని హోరులోంచి మాటని ఏరుకోవడంలో మన మెదడు చాలా గట్టిది. కాకపోతే ఆ పనికి అది త్వరగా అలిసిపోతుంది.

అలుపు దగ్గరే ఈ స్పీకర్ విలువంతా ఉంది. నేను ప్రతి సాయంత్రం ఒక నెట్ ఫ్రీక్వెన్సీ (హామ్‌లు వేళకి కలిసే చోటు) మీద కాచుకుని ఉంటాను. ఎవరైనా పిలిచేదాకా పావుగంట, అరగంట ఒట్టి హోరే. ఎఫ్‌ఎమ్‌లో అయితే స్క్వెల్చ్ ఉంటుంది, సిగ్నల్ లేకపోతే స్పీకర్ మూగబోతుంది. షార్ట్‌వేవ్‌లో మనం మాట్లాడే ఎస్‌ఎస్‌బీ పద్ధతిలో స్క్వెల్చ్ సరిగ్గా పనిచేయదు. నాబ్ మధ్యలో పెట్టి ఉంచితే హోరు ఎక్కడో గాలి వీస్తున్నట్టు అడుగున ఉంటుంది, ఎవరైనా నోరు తెరవగానే గొంతు పైకి లేస్తుంది. నేను పక్కన టంకం పని చేసుకుంటూనో, చదువుకుంటూనో ఉండగలను. ఇంతకు ముందు గంటకల్లా సెట్ ఆపేసేవాణ్ని. ఇప్పుడు మూడు గంటలు కూర్చున్నా చెవులు గింగురుమనవు. ఎక్కువసేపు కూర్చుంటాను కాబట్టి ఎక్కువ స్టేషన్లు దొరుకుతున్నాయి. ఆ రకంగా చూస్తే మీ రెండో ప్రశ్నకీ కాస్త 'అవును' అనవచ్చు.

వాడకం సంగతి. కాచుకుని ఉన్నప్పుడు నాబ్ మధ్యలో ఉంచండి, బలహీనమైన స్టేషన్ రాగానే కిందికి తెండి, లేదా పూర్తిగా ఆఫ్ చేయండి. గొంతు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు వినిపించినా, మాటల మధ్య సన్నటి గంటల్లాంటి శబ్దాలు మెరిసినా ఎక్కువైందని గుర్తు. స్పీకర్‌లోకి వెళ్లే ఆడియో స్థాయి కూడా ముఖ్యం. లోపల ఆడియోని అంకెలుగా మార్చే భాగం ఉంటుంది. రేడియో వాల్యూమ్ మరీ తక్కువైతే దానికి సరిపడా మేత దొరకదు, ఎక్కువైతే అల తల తెగిపోయి, ఆ చెడిన ఆడియోలోంచి చిప్ ఏమీ ఏరలేదు. ఓవర్‌లోడ్ లైటు ఉన్న స్పీకరైతే గట్టి గొంతులకి అది అప్పుడప్పుడూ మినుక్కుమనే దగ్గర రేడియో వాల్యూమ్ ఆపి, ఆపైన స్పీకర్ వాల్యూమ్‌తోనే సర్దుకోండి.

స్పీకర్ కొనకముందే మీరు ఉచితంగా చేయగలిగింది ఒకటుంది, ఆర్‌ఎఫ్ గెయిన్, అంటే రిసీవర్ సిగ్నల్‌ని పెంచే మోతాదు, తగ్గించడం. 40, 80 మీటర్లలో ఆకాశం నుంచి వచ్చే నాయిసే రిసీవర్ సొంత నాయిస్ కన్నా చాలా ఎక్కువ. అక్కడ ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచేది) వేస్తే హోరే పెరుగుతుంది. ప్రీయాంప్ ఆపి, అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) 10 డెసిబెల్స్ వేసి, మాటల మధ్య హోరు ఎగసిపడటం ఆగేదాకా ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి. మామూలుగా మాట ఆగగానే ఏజీసీ (గెయిన్‌ని తనంతట తానే సర్దే భాగం) గెయిన్ పెంచేసి హోరుని మన చెవిలో కుమ్మరిస్తుంది. తలనొప్పికి సగం కారణం అదే. ఫిల్టర్ వెడల్పు కూడా చూసుకోండి. సీడబ్ల్యూకి, అంటే మోర్స్‌కి, 2400 హెర్ట్జ్ నుంచి 500కి దించితే హోరు దాదాపు 7 డెసిబెల్స్ తగ్గుతుంది, మాయలేమీ అక్కర్లేదు.

ఈ స్పీకర్‌కి చేతకానిది చిటపట. కరెంటు తీగల నుంచి, విద్యుత్ కంచెల నుంచి టక్ టక్‌మని వచ్చే నాయిస్ మొదట చాలా సన్నటి, ఎత్తైన ముల్లులా ఉంటుంది. రేడియోలోని ఇరుకు ఫిల్టర్ దాటాక సాగి లావెక్కిపోతుంది. స్పీకర్ దాకా వచ్చేసరికి అది మాటతో కలిసిపోతుంది. దాన్ని ఫిల్టర్‌కి ముందే కోసేయాలి, రేడియోలో ఎన్‌బీ అని ఉండే నాయిస్ బ్లాంకర్ ఉన్నది అందుకే.

అన్నిటికన్నా ఎక్కువ లాభం నాకు ఇంట్లో నాయిస్ ఎక్కడ పుడుతోందో వెతికితే వచ్చింది. ఒక రోజు సెట్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాను. ఖాళీ ఫ్రీక్వెన్సీలో ఎస్-7 (ఎస్ అంటే సిగ్నల్ బలం చూపే గీతలు) చూపించే మీటర్ ఎస్-3కి పడిపోయింది. ఒక్కో ఎస్ గీతకి 6 డెసిబెల్స్ లెక్కన అది 24 డెసిబెల్స్. ఆ తర్వాత ఒక్కో సర్క్యూట్ వేసుకుంటూ పోతే దొంగ దొరికాడు, ఒక లాప్‌టాప్ చార్జర్. ఇలాంటి స్విచింగ్ చార్జర్ల నాయిస్‌ని గుర్తుపట్టడం తేలిక. డయల్ తిప్పుతూ పోతే సమానమైన ఎడంతో బొంగురుగా, మెల్లగా జరుగుతూ ఉండే బురబురలు వస్తాయి. దాన్ని మార్చేశాను, మిగిలిన వాటి తీగలని 31 మిక్స్ రకం ఫెర్రైట్ (నాయిస్‌ని అడ్డే అయస్కాంత పదార్థం) రింగుల్లోంచి ఏడెనిమిది చుట్లు తిప్పాను. చుట్లు ముఖ్యం, రెట్టింపు చుట్లు వేస్తే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. రింగుకి తీగని ఒక్కసారి దూర్చి ఊరుకుంటే షార్ట్‌వేవ్‌లో పెద్దగా ఏమీ జరగదు.

ఆ దెబ్బకి వినిపించడం మొదలైన స్టేషన్లని ఏ స్పీకరూ వినిపించలేదు. యాంటెనా దగ్గర మునిగిపోయిన మాటని బల్ల మీద ఎవరూ తేల్చలేరు.

స్పీకర్‌కి విడిగా పవర్ కావాలి. నేను మొదట్లో ఒక గోడ అడాప్టర్ పెట్టాను, బ్యాండ్ మొత్తం గరగర పెరిగింది. నాయిస్ తగ్గించాల్సిన పెట్టె వెనకాలే కొత్త నాయిస్ పుట్టింది. ఇప్పుడు రేడియోకి ఇచ్చే 13.8 వోల్టుల సప్లై నుంచే ఫ్యూజ్‌తో ఇస్తున్నాను. మీ స్పీకర్ ఎన్ని వోల్టులు తీసుకుంటుందో ముందు చూసుకోండి. అలా ఇస్తే కొన్నిచోట్ల 'మ్' అని హమ్ వస్తుంది, ఆడియో తీగలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. కొన్ని సెట్లలో స్పీకర్ తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. గ్రౌండ్‌కి కలిపితే ఆంప్లిఫైయర్ కాలిపోవచ్చు, మాన్యువల్ చూడకుండా కలపకండి. ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు స్పీకర్ గీపెడితే తీగల మీద ఫెర్రైట్ వేయండి.

సీడబ్ల్యూ చేసేవారైతే ఆటో నాచ్ ఆపేయండి, అది నిలకడైన టోన్‌ని శత్రువనుకుని మోర్స్‌నే తీసేస్తుంది. చిప్ ఆలోచించడానికి కాస్త సమయం తీసుకుంటుంది కాబట్టి శబ్దం ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక చుక్క నిడివి 60 మిల్లీసెకన్లే, సైడ్‌టోన్ (మనం కొట్టే కీ మనకే వినిపించే శబ్దం) అందులో సగం ఆలస్యమైనా చెయ్యి తడబడుతుంది. కీ కొట్టేటప్పుడు నేను మామూలు హెడ్‌ఫోన్లే వాడతాను. ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ పద్ధతులకి కంప్యూటర్‌లోకి పంపే ఆడియోకి ఈ ప్రాసెసింగ్ అసలు వద్దు.

మీ సెట్ ఏదో రాయలేదు. కొత్తదై, లోపలే ఎన్‌ఆర్ (నాయిస్ తగ్గించే) బటన్ ఉంటే ముందు దాన్ని తక్కువ స్థాయిలో ఒక వారం వాడండి. దాని మీద మళ్లీ ఈ స్పీకర్ పెడితే రెండు జల్లెళ్లు కలిసి గొంతుని పిండేస్తాయి, ఒక్కటే వాడాలి. పాత అనలాగ్ సెట్ అయితే మాత్రం ఈ స్పీకర్ పెద్ద ఊరట, నాది అలాంటిదే. డబ్బు పెట్టే ముందు ఇంటర్నెట్‌లో ఏదైనా కివీఎస్‌డీఆర్ రిసీవర్ (బ్రౌజర్‌లోనే వినగలిగే రేడియో) తెరిచి, 40 మీటర్లలో ఒక బలహీనమైన గొంతు పట్టుకుని, అందులోని నాయిస్ ఫిల్టర్ వేస్తూ తీస్తూ వినండి. ఎల్‌ఎమ్‌ఎస్ పద్ధతీ, స్పెక్ట్రల్ పద్ధతీ రెండూ ఉంటాయి. ఏది మీ చెవికి పడుతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

వీలైతే బ్యాటరీ పరీక్ష చేసి, మెయిన్ వేసినప్పుడు ఎంత, ఆపినప్పుడు ఎంత అని మీటర్ చూపించిన రెండు అంకెలూ, సెట్ మోడల్‌తో సహా ఇక్కడ రాయండి. తేడా మూడు ఎస్ గీతలు దాటితే స్పీకర్ సంగతి పక్కన పెట్టి, ముందు ఆ నాయిస్ ఎక్కడ పుడుతోందో కలిసి వెతుకుదాం.