సెక్యూరిటీ పని నేర్చుకోవాలంటే ముందు మీ సొంత మెషీన్ లాగ్స్ చదవండి

సిస్టమ్స్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను, సెక్యూరిటీ వైపు మారాలనుంది, కోర్సులు చేయాలా, ఇంట్లో సొంతంగా ఏదైనా పెట్టుకుని నేర్చుకుంటే పనికొస్తుందా, హాబీగా చేసేవాటికి ఈ ఉద్యోగంలో విలువ ఉంటుందా అని అడిగారు. నేనూ సర్వర్ల నిర్వహణలో మొదలుపెట్టి మెల్లగా సెక్యూరిటీ టీమ్‌లోకి వచ్చినవాణ్ణే. కాబట్టి నేను నడిచిన దారి చెప్తాను.

కోర్సుల సంగతి ముందు తేల్చేద్దాం. సర్టిఫికెట్ ఒకటి ఉంటే రెజ్యూమె వడపోతలో నిలుస్తుంది. ఆ మేరకు మంచిదే, ఒకటి చేయండి. వరసపెట్టి నాలుగైదు చేయనక్కర్లేదు. లాగ్ అంటే మెషీన్ తనలో జరిగేవాటిని టైమ్‌తో సహా రాసుకునే చిట్టా. ఇంటర్వ్యూలో నేను మొదట అడిగేది దాని గురించే: "ఈ మధ్య ఏదైనా లాగ్ చూస్తూ, ఇదేంటి ఇలా ఉంది అని ఆగిన సందర్భం ఒకటి చెప్పండి." సర్టిఫికెట్లు బోలెడున్నవాళ్లు కూడా చాలామంది ఇక్కడ తడుముకుంటారు. గడగడా చెప్పుకుపోయేవాళ్లు దాదాపు అందరూ ఇంట్లో సొంతంగా ఏదో ఒక మెషీన్ నడుపుతున్నవాళ్లే.

మెషీన్ గొప్పది కానక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ అయినా, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అయినా చాలు. లైనక్స్ ఎక్కించి, మీకు నిజంగా అవసరమైన పని ఒకటి దానికి అప్పగించండి. ఫోటోలు దాచడమో, నోట్స్ పెట్టుకోవడమో ఏదైనా సరే. ప్రాక్టీస్ కోసమే పెట్టిన మెషీన్ కొన్నాళ్లకు మూలన పడుతుంది. ఇంట్లోవాళ్ల ఫోటోలు అందులో ఉన్నాయంటే దాన్ని మీరు వదిలేయలేరు, అప్‌డేట్లు వాయిదా వేయలేరు. బ్యాకప్ కూడా అప్పుడే మనసుపెట్టి చేస్తారు. బ్యాకప్ తీశాక దాన్ని వేరే మెషీన్ మీద తిరిగి ఎక్కించి, ఫైళ్లు తెరిచి చూడండి. అంతవరకు అది బ్యాకప్ లెక్కలోకి రాదు.

దాడులు ఎలా ఉంటాయో చూడాలంటే మాత్రం ఇంటి నెట్‌వర్క్ తెరిచిపెట్టకండి. క్లౌడ్‌లో అతి చిన్న వర్చువల్ మెషీన్ ఒకటి అద్దెకు తీసుకోండి. సొంత డేటా ఏదీ అందులో పెట్టకండి. మీరు లాగిన్ అవడానికి పాస్‌వర్డ్ బదులు కీ (మీ కంప్యూటర్లోనే దాచుకునే రహస్య ఫైలు) వాడండి, పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేయండి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) నేరుగా లాగిన్ అవకుండా చేయండి. దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ మాత్రం మామూలు 22వ పోర్టు మీదే ఉండనివ్వండి. ఆ తర్వాత లాగ్ తెరిచి చూడండి. మీ మెషీన్ అడ్రస్ ఎవరికీ చెప్పకపోయినా ముక్కూమొహం తెలియని ఐపీ అడ్రస్‌ల నుంచి ప్రయత్నాలు వస్తూనే ఉంటాయి. ఇవి మీ మీద పగబట్టి చేసేవి కావు. వీధిలో ప్రతి ఇంటి గడియా తోసి చూసుకుంటూ పోయే మనిషిలాంటి ప్రోగ్రాములు అవి.

మొదటిసారి చూసినవాళ్లకు టెన్షన్ వస్తుంది. రావాల్సిన అవసరం లేదు. ఆ లైన్లలో ఉన్న యూజర్ పేర్లు వరసగా చదవండి: రూట్, అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, పై. ఒక్కో పేరు వెనక ఒక్కో ఆశ ఉంది. పోస్ట్‌గ్రెస్ అని ప్రయత్నిస్తున్నవాడు డేటాబేస్ సర్వర్ కోసం వెతుకుతున్నాడు. పై అని ప్రయత్నిస్తున్నవాడికి రాస్ప్‌బెర్రీ పై పెట్టి పాస్‌వర్డ్ మార్చనివాళ్లు కావాలి. 2022 ఏప్రిల్‌లో రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి పై అనే ఆ డిఫాల్ట్ యూజర్‌ను తీసేశారు. అయినా పాత మెషీన్లు ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉంటాయి, వాటి కోసం వెతికేవాళ్లూ ఉంటారు. కొన్నాళ్లు ఇలా చదివితే మామూలు రొద ఎలా ఉంటుందో మీకు పట్టుబడుతుంది. ఆ రొద తెలిసినవాడికే అందులో కొత్త చప్పుడు వినిపిస్తుంది. ఆఫీసులో వేల అలర్ట్‌ల మధ్య మీ దగ్గర కోరుకునేది ఇదే.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 2024 మార్చిలో జరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పోస్ట్‌గ్రెస్ పనితీరు కొలుస్తున్నారు. కొలతలు సరిగ్గా రావాలని మెషీన్ మీద మిగతా పనులన్నీ తగ్గించి చూస్తుంటే, ఎస్ఎస్‌హెచ్ ప్రాసెస్‌లు అవసరానికి మించి సీపీయూ తింటున్నాయి. అవి ఏమైనా ముఖ్యమైన లాగిన్‌లా అంటే కాదు, తప్పుడు యూజర్ పేర్లతో వచ్చి వెంటనే ఫెయిలవుతున్నవి. ఇందాక చెప్పిన రొదే అది. లాగిన్‌కు పట్టే సమయం కూడా దాదాపు అర సెకను పెరిగింది. అర సెకనే కదా అని వదిలేయకుండా ఆయన లోపలికి తవ్వుకుంటూ వెళ్తే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. పెద్ద లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల స్థిరమైన వెర్షన్లలోకి చేరకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆయన సెక్యూరిటీ ఉద్యోగి కాదు, డేటాబేస్ మనిషి. మీరు సపోర్ట్‌లో ఉన్నానని తక్కువగా అనుకోకండి. తేడా ఎక్కడ కనిపించినా దాని వెంట పడే ఓపిక ఉంటే ఏ కుర్చీలో కూర్చున్నా ఒకటే.

1986లోనూ ఇలాంటిదే జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా చూశారు. దాని వెంట పడి చివరికి జర్మనీలో ఉన్న చొరబాటుదారుడి దాకా వెళ్లారు. అందులో నేను ఇప్పటికీ పాటించే పద్ధతి ఒకటుంది. బయటి నుంచి వచ్చే లైన్లకు ఆయన ప్రింటర్లు తగిలించి, చొరబడినవాడు కొట్టే ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించారు. మెషీన్‌లోకి వచ్చినవాడు అందులోని లాగ్ చెరిపేయగలడు, పక్క గదిలో కాగితాన్ని చెరపలేడు. అందుకే మీ చిన్న సర్వర్ లాగ్స్ వెంటవెంటనే ఇంకో మెషీన్‌కు వెళ్లేలా పెట్టండి. ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్‌తో ఒక సాయంత్రంలో అయిపోయే పని.

టైమ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని కోర్సుల్లో ఒక్క స్లైడ్‌తో దాటేస్తారు. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకుముందు మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక అది ఆగినప్పటి టైమ్ దగ్గరే నిద్రలేస్తుంది. నెట్‌వర్క్ దొరికి ఎన్‌టీపీతో (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) సరిచేసుకునే దాకా దానికి ఇంకా పాత రోజే. ఆ లోపు రాసిన లాగ్ లైన్లన్నీ తప్పుడు టైమ్‌తో పడతాయి. ఎన్‌టీపీ సర్వర్ దొరకక ఆ పాత టైమ్‌తోనే చాలాసేపు నడిస్తే, కొత్తగా ఇచ్చిన వెబ్ సర్టిఫికెట్‌ను (సైట్ అసలుదేనని చెప్పే డిజిటల్ పత్రం) కూడా ఇది ఇంకా అమల్లోకి రాలేదు అని తోసిపుచ్చుతుంది. ఆథెంటికేటర్ యాప్‌లో కనిపించే ఆరంకెల కోడ్ మామూలుగా 30 సెకన్లకోసారి మారుతుంది కదా, అది మీ ఫోన్లోనూ సర్వర్‌లోనూ టైమ్ ఒకటే అన్న నమ్మకం మీదే నడుస్తుంది. గడియారం పక్కకు జరిగితే సరైన కోడ్ కొట్టినా లోపలికి రానివ్వదు. ఆఫీసులో ఏదైనా సంఘటన విచారించేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది, లాగ్స్ పంపిన మెషీన్లన్నిటి టైమ్ కలుస్తోందా, అవి ఏ టైమ్ జోన్‌లో రాస్తున్నాయి అనేదే. ఏది ముందు ఏది వెనక తెలియకపోతే మిగతా విశ్లేషణంతా ఊహే.

హాబీల సంగతి. నాకు రేడియో వినడం ఇష్టం. యూఎస్‌బీ టీవీ డాంగుల్‌లాంటి చవకైన రిసీవర్‌తో 1090 మెగాహెర్ట్జ్ మీద విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏడీఎస్-బీ సంకేతాలు పట్టుకోవచ్చు. కిటికీ దగ్గర చిన్న యాంటెన్నా పెడితే చాలు, పైన పోతున్న విమానం ఎత్తు, వేగం, గుర్తింపు సంఖ్య స్క్రీన్ మీదికి వస్తాయి. సరదాగానే మొదలుపెట్టాను. కానీ ఆ సందేశాల్లో ఎన్‌క్రిప్షన్ లేదు, పంపింది నిజంగా ఆ విమానమేనా అని సరిచూసే ఏర్పాటూ లేదు అని అర్థమయ్యాక, రహస్యంగా ఉంచడం వేరు, నిజమని రుజువు చేయడం వేరు అన్నది నాకు మొదటిసారి ఒంటబట్టింది. విమానం ఎక్కడుందో అందరికీ తెలియాల్సిందే, దాచక్కర్లేదు. రుజువు ఉంటే మాత్రం బాగుండేది. ఈ రోజు ఏ కొత్త సిస్టమ్ డిజైన్ నా ముందుకొచ్చినా ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగానే అడుగుతాను. కాబట్టి మీకు ఫోటోగ్రఫీ ఇష్టమైతే ఫోటో ఫైల్లో లొకేషన్ ఎక్కడ దాగి ఉంటుందో చూడండి, ఎలక్ట్రానిక్స్ ఇష్టమైతే పాత రూటర్ విప్పి దాని సీరియల్ పోర్టు వెతకండి. ఉద్యోగం కోసమని ఇష్టం లేని హాబీ తెచ్చిపెట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీది కాని మెషీన్‌ను, రాతపూర్వక అనుమతి లేకుండా, సరదాకి కూడా స్కాన్ చేయకండి. ఆఫీస్ నెట్‌వర్క్ అయినా సరే. ప్రయోగాలన్నీ మీ సొంత మెషీన్ల మీదే.

మొదలుపెట్టాక లాగ్‌లో అర్థం కాని లైన్ కనిపిస్తే మీ ఐపీ అడ్రస్, హోస్ట్ పేరు, యూజర్ పేరు తీసేసి ఇక్కడే పెట్టండి. టైమ్ ఉన్న భాగం మాత్రం కత్తిరించకండి, దానికి ముందు వెనక నాలుగు లైన్లు కూడా ఉంచండి. చూసి చెప్తాను.