బయాలజీ డిగ్రీ: ఫీజు కట్టే ముందు ఒక లెక్క

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. బయాలజీలో చేరాలని నువ్వు, "పెట్టిన డబ్బు తిరిగొస్తుందా" అని మీ నాన్న. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఇష్టమైంది చదివితే డబ్బు దానంతటదే వస్తుందని ధైర్యం చెప్పేవాళ్ళెవరూ నీ ఫీజు కట్టరు. ముప్పై ఏళ్ళు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో గడిపినదాన్ని కాబట్టి నాకు తెలిసిన లెక్క నేను చెప్తాను. నిర్ణయం నువ్వు తీసుకో.

ఖర్చు అనగానే అందరూ ఫీజే చూస్తారు. హాస్టల్, రికార్డులు, ఫీల్డ్ ట్రిప్పులు కూడా రాసుకో, అయినా అసలు బరువు అక్కడ లేదు. అప్పు మీద వడ్డీ ఒకటి, సంపాదన లేకుండా గడిచే ఏళ్ళు ఒకటి, ఈ రెండే నడుం విరుస్తాయి. 72ని వడ్డీ రేటుతో భాగించి చూడు. 9 శాతమైతే 8 వస్తుంది. అంటే ఏమీ కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఎనిమిదేళ్ళకి అప్పు రెట్టింపవుతుంది. ఎనిమిదేళ్ళంటే చాలా దూరం అనుకుంటావేమో. డిగ్రీకి మూడో నాలుగో, పీజీకి రెండు, మధ్యలో ప్రవేశ పరీక్షల కోసం ఒకటి, ఇట్టే నిండిపోతాయి.

పీజీ సంగతి ఎందుకెత్తానంటే, బయాలజీలో మొదటి డిగ్రీ చాలాసార్లు సగం దారే. అకౌంటింగ్ లాంటి చదువు పూర్తవుతూనే ఒక పని చేతికొస్తుంది. మనకి అలా కాదు. పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ, ఆపైన పోస్ట్‌డాక్ అని ఇంకొకరి ల్యాబ్‌లో కొన్నేళ్ళ తాత్కాలిక పని, అంతా అయ్యేసరికి ముప్పై దాటుతుంది. అప్పటికైనా సొంత ల్యాబ్ నడిపే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు, అలాంటి పోస్టులకన్నా పీహెచ్‌డీ చేసినవాళ్ళే చాలా ఎక్కువ. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, స్టైపెండ్ ఇవ్వకుండా నీ చేతి డబ్బుతో పీహెచ్‌డీ చేయమంటే చేరకు.

నేను మోసపోయింది ఇంకోచోట. చేరేముందు కాలేజీవాళ్ళు సగటు జీతం అని ఒక అంకె చూపిస్తే మురిసిపోయాను. పదిమందిలో తొమ్మిదిమందికి 20 చొప్పున, ఒక్కడికి 120 వస్తోందనుకో, సగటు 30 అవుతుంది. ఆ 30 తీసుకునేవాడు తరగతి మొత్తం వెతికినా దొరకడు. నేను ఆ తొమ్మిదిమందిలో తేలాను. పైగా ఆ పదోవాడు బయాలజీ వదిలేసి వేరే పనిలో స్థిరపడ్డాడు! అందుకే సగటు అడగకు. జీతాలన్నీ వరసగా పేరిస్తే మధ్యలో ఉన్నవాడికి ఎంత వస్తోందో అడుగు. అసలు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎంతమందో కూడా అడుగు. చెప్పడానికి తటపటాయిస్తే నీకు జవాబు దొరికినట్టే.

ఇంత చెప్పానని భయపడకు. పని లేదని కాదు, అది మనం ఊహించని మూలల్లో ఉంటుంది. నా ఉద్యోగమే చూడు. గుర్రపునాడా పీత గురించి జువాలజీలో నాలుగు లైన్లు చదివి మర్చిపోయాను. కొన్ని బ్యాక్టీరియాలు తగిలితే దాని రక్తం గడ్డకడుతుందని ఫ్రెడరిక్ బాంగ్ 1956లో రాశాడు. తర్వాత ఆ గుణం మీదే ఒక పరీక్ష తయారైంది. ఇంజెక్షన్లలో ఎండోటాక్సిన్, అంటే కొన్ని బ్యాక్టీరియాల నుంచి వచ్చే విషం, ఉందో లేదో ఆ పరీక్షతో చూస్తారు. నేను ఏళ్ళ తరబడి తిన్నది ఆ పీత పుణ్యమే! మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్, క్లినికల్ ట్రయల్స్, అనుమతుల కోసం పత్రాలు సిద్ధం చేసే రెగ్యులేటరీ విభాగం, ఇలాంటివి సినిమాల్లో కనిపించవు గానీ నెల తిరిగేసరికి జీతమిస్తాయి. మొదట్లో జీతం తక్కువే, పెరగడం కూడా నిదానమే.

ఆ జీతాన్ని త్వరగా పెంచేది నా అనుభవంలో గణితమే. మొట్టమొదట మనిషి జీనోమ్, అంటే డీఎన్ఏ మొత్తం, చదవడానికి 1990 నుంచి 2003 దాకా పట్టింది, దాదాపు 270 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఇప్పుడు ఒక మనిషిది వెయ్యి డాలర్ల లోపే చదివేస్తున్నారు. డేటా గుట్టలుగా పడుంది, దాన్ని విప్పిచూసేవాళ్ళే కరువు. లెక్కల భయంతో బయాలజీకి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను, ఆ భయానికి వాళ్ళు జీతంలో మూల్యం కట్టారు. స్టాటిస్టిక్స్ బాగా నేర్చుకో. పైథాన్ గానీ ఆర్ గానీ ఒక ప్రోగ్రామింగ్ భాష పట్టుకో. రెండో ఏడాది సెలవుల్లోనే ఏదో ఒక ల్యాబ్‌లో చేరు, గ్లాసు సామాను కడగమన్నా సరే. ఆ పని నీకు పడుతుందో లేదో పెద్దగా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

ఇంకో మాట. మెడిసిన్ సీటు రాకపోతే చూద్దాంలే అని ఇందులో చేరుతున్నావా? అలాగైతే మీ నాన్నకి ఆ మాటే చెప్పు, ఎందుకంటే అప్పుడు వేయాల్సిన లెక్క వేరు.

అప్పు ఎంతవరకు తేవచ్చని అడిగావు. మొదటి ఉద్యోగంలో మధ్యవాడి ఏడాది జీతం ఎంతో, మొత్తం అప్పు అది దాటితే నేనైతే తేను. ఫీజు తక్కువున్న ప్రభుత్వ కాలేజీలో చేరతాను. నన్ను పనిలోకి తీసుకున్నవాళ్ళు అడిగింది కాలేజీ పేరు కాదు, ఏ పరికరం మీద పనిచేశావనే.

ఈ వారంలో డిగ్రీ పూర్తయి మూడేళ్ళైనవాళ్ళని ముగ్గురిని పట్టుకుని మాట్లాడు. జీతం అడగడానికి మొహమాటపడకు. ఆ అంకెలు, కాలేజీ ఫీజు, బ్యాంకు వడ్డీ ఒకే కాగితం మీద రాసి ముందు మీ నాన్నకి చూపించు, తర్వాత నాకు పంపు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ